షీటు అంటే గుడ్డ కాదు

చిట్టి తన బావ పడవ ఎక్కిందంటే కారణం ఒక్కటే. ఆమె కుట్టులో ముడత పడుతోందని బావ అన్నాడు.

ఇరవై రెండేళ్లుగా మిషను తొక్కుతున్న మనిషితో ఆ మాట అనడం చిన్న విషయమేమీ కాదు. బజారు వీధి చివర ఆమెకి ఒక గది ఉంది. అందులో రెండు కుట్టుమిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడ నిండా రంగురంగుల దారపు రీళ్లు. చొక్కాల దగ్గర్నుంచి లారీల టార్పాలిన్ల దాకా ఏది తెచ్చినా కాదనేది కాదు. కుట్టు విప్పి మళ్లీ కుట్టమని వెనక్కి తెచ్చినవాళ్లని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. అందుకే బావ తన పడవకి తెరచాప కుట్టిపెట్టమన్నప్పుడు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది.

"కుట్టిపెడతాను బావా. పడవెక్కమని మాత్రం అడక్కు."

బావ బస్సు డిపోలో ముప్పై ఒక్కేళ్లు మెకానిక్‌గా పనిచేశాడు. రిటైరైన నెలలోనే ఎక్కడో మూలపడి ఉన్న పాత పడవని కొని ఇంటి వెనక్కి తోలించుకొచ్చాడు. రెండేళ్లు దాన్ని గీకాడు, అతుకులేశాడు, రంగులేశాడు. వీధిలో వాళ్లు వెటకారంగా కెప్టెన్ గారూ అని పిలవడం మొదలుపెడితే ఆయన దాన్ని బిరుదులా నెత్తిన పెట్టుకున్నాడు. అక్క మాత్రం ఆ పడవని ఏనాడూ పడవ అనలేదు. "మీ బావ రెండో సంసారం" అనేది.

తెరచాప కుడుతున్న పదహారు రోజులూ బావ చిట్టి గదిలోనే స్టూలేసుక్కూర్చుని పాఠాలు చెప్పాడు. "చూడమ్మా, ఈ పై మూల హెడ్డు. పడవ మధ్య స్తంభం దగ్గరుండే కింది మూల టాక్. అటు చివరది క్లూ. ఇవి తెలీకపోతే పడవ మీద ఒక్క నిమిషం బతకలేవు."

"నేను నేల మీద బతుకుతున్నాను కదా బావా. నాకెందుకు?" అంది చిట్టి మిషను ఆపకుండానే. తనకి గుర్తుండడానికి సుద్దముక్కతో గుడ్డ మూలల మీద తల, ముక్కు, తోక అని రాసుకుంది.

బావ వంగి చదివి నెత్తి కొట్టుకున్నాడు. "తెరచాప కుట్టమంటే పిల్లిపిల్లని కుడుతున్నావేంటే?"

మిగిలిన పేర్లన్నీ మిషను చప్పుడులో కొట్టుకుపోయాయి. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. పడవ నీళ్లలోకి దిగిన మర్నాడు బావ మళ్లీ వచ్చాడు. గాలి నిండగానే మూడో కుట్టు దగ్గర ముడత పడుతోందని, ఎక్కడో తాను చెప్పలేనని, ఆమే కళ్లారా చూడాలని అన్నాడు. చిట్టి కత్తెర బల్ల మీద పెట్టేసి చెప్పులేసుకుంది.

వాళ్లు బయల్దేరుతుంటే అక్క గుమ్మంలో నిలబడి భర్తని హెచ్చరించింది. "దానికి నీళ్లంటే భయం. మీ వేషాలేవీ దాని దగ్గర వెయ్యకండి."

మొదటి గంట బాగానే గడిచింది. ఇద్దరూ నారింజ రంగు లైఫ్‌జాకెట్లు వేసుకున్నారు. బావ మెడలో అరచేతిలో పట్టేంత రేడియో వేలాడుతోంది. ఇంజను మాత్రం లేదు. ఇంటి బల్ల మీద ముక్కలు ముక్కలుగా విప్పి ఉంది. తెరచాప ఉండగా ఇంజను దేనికన్నాడు బావ. కాసేపు చుక్కాని కర్ర కూడా ఆమె చేతికిచ్చాడు. కర్ర కుడికి తోస్తే పడవ ఎడమకి, ఎడమకి తోస్తే కుడికి తిరుగుతుంది. అదొక్కటీ చిట్టికి చప్పున పట్టుబడింది. ముడత కూడా దొరికింది. మూడో కుట్టులో నాలుగు వేళ్ల మేర దారం బిగువెక్కువైంది. గంట పని, విప్పి కుడితే సరిపోతుందనుకుంది.

తిరుగు దారిలో గాలి వెనకనుంచి వీస్తోంది. బావ లేచి నిలబడి తెరచాపకేసి చెయ్యి చాపి, "అదిగో, ఇప్పుడు చూడు, అక్కడ..." అంటున్నాడు.

గాలి ఒక్కసారిగా దిశ మార్చింది. తెరచాప అడుగున అడ్డంగా ఉండే బరువైన దూలం, బావ భాషలో బూమ్, పడవ ఆ పక్కనుంచి ఈ పక్కకి గిర్రున తిరిగింది. బావ ఎడమ చెవి పైన తగిలింది. బల్ల మీద సుత్తి పడ్డట్టు ఒక్క చప్పుడు. బావ అరవను కూడా లేదు. సీటు మీద కూలబడి, అక్కణ్ణుంచి పడవ అడుగుకి జారిపోయాడు.

చుక్కాని కర్ర దానంతటది ఊగుతోంది. పడవ ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఆమె రెండు చేతులతో ఆ కర్ర పట్టుకుని మధ్యకి తెచ్చింది. పడవ నిలదొక్కుకుని ఒడ్డు వెంట పరుగెత్తడం మొదలుపెట్టింది.

"బావా! బావా, ఇటు చూడు!"

చెవి మీదనుంచి నెత్తురు మెడలోకి కారుతోంది. ఊపిరి ఆడుతోంది. కళ్లు సగం తెరిచి ఏదో గొణిగాడు. ఆమె వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

"షీటు... షీటు..."

మనిషి వణికిపోతున్నాడు. సీటు కింద మడిచి ఉన్న టార్పాలిన్ షీటు లాగి, మెడ దాకా కప్పి, అంచులు లోపలికి దోపింది. "కప్పాను బావా. కప్పాను." ఆయన తల అడ్డంగా ఆడించబోయి కళ్లు మూసుకున్నాడు.

ఆమె రేడియో ఆయన మెడలోంచి తీసి తన మెడలో వేసుకుంది. పక్కనున్న బటన్ నొక్కి, "ఎవరైనా ఉన్నారా? మా బావకి దెబ్బ తగిలింది! ఎవరైనా ఉన్నారా?" అని అరిచింది. అరుస్తూనే ఉంది. బటన్ వదిలితే గానీ అవతలి గొంతు వినబడదని ఆమెకి తెలీదు. వేలు జారినప్పుడు వినబడింది.

"...హార్బర్ కంట్రోల్. నొక్కి మాట్లాడండి, వదిలి వినండి. మళ్లీ చెప్పండి."

మగ గొంతు. నిదానంగా ఉంది. ఆమె జరిగింది చెప్పింది. పడవ పేరేంటని అడిగాడు. ఇంకా పెట్టలేదంది. ఎలా ఉంటుందని అడిగాడు.

"తెల్ల తెరచాప. మధ్యలో నీలం పట్టీ. నేనే కుట్టాను."

"ఆఁ, కిటికీలోంచి కనిపిస్తున్నారు మేడం. పడవ నడపడం వచ్చా?"

"రాదు. నేను టైలర్ని."

"రెస్క్యూ బోటు ఇంకో పని మీద ఉంది. నలభై నిమిషాల్లో మీ దగ్గరికి వస్తుంది. ఈలోగా నేను చెప్పినట్టు చెయ్యండి. గాలి మిమ్మల్ని రాళ్ల వైపు తోస్తోంది."

చిట్టి అప్పుడు చూసింది. గాలి ఎడమ పక్కన సముద్రం మీంచి వీస్తోంది. కుడి పక్కన ఒడ్డు. ఎదురుగా, కొంచెం కుడికి, నీళ్లలోంచి నల్లటి రాళ్లు పళ్లలాగా పైకి లేచి ఉన్నాయి. వాటి మీద నురగ ఎగురుతోంది. రాళ్లకి అవతల హార్బర్ గోడ, దాని చివర ఎర్ర లైటు స్తంభం.

"ముందు మెయిన్ షీట్ వదిలెయ్యండి" అన్నాడు ఆపరేటర్.

"షీటు కప్పాను సార్. చలికి వణుకుతున్నాడు."

"కప్పడమేంటి? మెయిన్ షీట్ మేడం. అది వదిలేస్తే పడవ వేగం తగ్గుతుంది."

ఆమె తలెత్తి తెరచాపని చూసింది. పడవలో ఇంకే గుడ్డా లేదు. "అది పైదాకా కట్టేసి ఉంది సార్! ఎలా వదలను?"

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. బటన్ మళ్లీ నొక్కబోతుంటే గొంతు వచ్చింది.

"సరే, అది తర్వాత చూద్దాం. పోర్ట్ వైపు తిప్పండి. వెంటనే."

ఈ మాట ఆమెకి అర్థమైంది. ప్రాణం లేచొచ్చింది. పోర్ట్ ఎక్కడుందో కళ్లెదుటే కనిపిస్తోంది కదా! కర్ర ఎడమకి తోసింది. పడవ ముక్కు కుడికి తిరిగి సరిగ్గా ఎర్ర లైటు స్తంభానికేసి నిలిచింది. గాలి మళ్లీ వెనక్కి చేరింది. పడవ వేగం రెట్టింపైంది. స్తంభానికీ పడవకీ మధ్యన ఆ నల్లరాళ్లు.

"ఎటు తిప్పుతున్నారు! పోర్ట్ మేడం, పోర్ట్!"

"పోర్ట్‌కే వస్తున్నాను సార్! స్తంభం కనిపిస్తోంది!"

ఈసారి ఆపరేటర్ గొంతులోని నిదానం పోయింది. "అమ్మా, పోర్ట్ అంటే హార్బర్ కాదు! ఎడమ! మీ ఎడమ చెయ్యి వైపు!"

ఆమె రెండు చేతులతో కర్రని కుడికి నెట్టింది. పడవ ముక్కు భారంగా, ఎంతకీ తిరగనట్టు, సముద్రం వైపు తిరిగింది. తిరుగుతూనే కుడి పక్కకి ఒరిగింది. అంచు మీదనుంచి నీళ్లు లోపలికి దూకి బావ కాళ్లు తడిపేశాయి. చిట్టి రేడియో నోటికి ఆనించుకుని కోపంతో, భయంతో ఒకేసారి అరిచింది.

"ఈ పేర్లు నాకొద్దు! ఏది ఎక్కడుందో చెప్పండి, చాలు!"

అవతల కాగితాల చప్పుడైంది. తర్వాత ఆపరేటర్ ఒక్కో మాటా పొడిపొడిగా పలికాడు. "షీట్ అంటే గుడ్డ కాదమ్మా. తాడు. తెరచాపని లాగి పట్టుకునే తాడు. తెరచాప కిందివైపు, స్తంభానికి దూరంగా ఉండే మూల..."

"తోక!"

"ఏంటి?"

"ఏం లేదు, తెలిసింది. చెప్పండి."

"ఆ మూలని దూలం పట్టుకుంటుంది. దూలం నుంచి కిందికి కప్పీల్లోంచి ఒక తాడు వస్తుంది. అదే."

ఆ మూల ఆమెకి బాగా తెలుసు. అయిదు పొరల గుడ్డ వేసి, ఇత్తడి కన్ను బిగించి, వేలికి రెండుసార్లు సూది దిగితే గానీ అవ్వలేదు. కళ్లతో అక్కణ్ణుంచి మొదలుపెట్టింది. ఇత్తడి కన్ను, దూలం, దూలం కిందనుంచి నీలం చారల తాడు, ఒక కప్పీ, ఇంకో కప్పీ, పడవ అడుగున పళ్లున్న చిన్న బిగింపు. అక్కణ్ణుంచి మిగిలిన తాడు టార్పాలిన్ కిందికి పోయింది. ఆమె టార్పాలిన్ లాగేసింది. తాడు బావ తొడ కింద నలిగి, మోకాలికి ఒక చుట్టు చుట్టుకుని ఉంది. ఆయన ఇందాక వదలమన్నది దీన్నే. ఆమె దాని మీదే టార్పాలిన్ కప్పింది.

ఏడవడానికి కూడా తీరిక లేదు. చుక్కాని కర్రని మోకాలితో తొక్కిపట్టి, బావ కాలు రెండు చేతులతో ఎత్తింది. తడిసిన గోనెబస్తాలా ఉంది. తాడు చుట్టు విడదీసింది. పళ్ల బిగింపులోంచి తాడుని పైకి గుంజమన్నాడు ఆపరేటర్. గుంజింది. రాలేదు. పాదం ఆనించి మళ్లీ గుంజింది. తాడు ఊడి ఆమె అరచేతుల్ని చీల్చుకుంటూ సర్రున పోయింది.

పడవ నిటారుగా లేచింది. తెరచాప గాలిలో పటపటా కొట్టుకుంటోంది, వంద తానుల గుడ్డ ఒకేసారి చింపుతున్నట్టు. ఆమె చేతుల్లోంచి నెత్తురొస్తోంది.

"వదిలాను!"

"చూశాను. శభాష్. పడవ ఆగినట్టే. కానీ గాలి మిమ్మల్ని పక్కకి రాళ్ల మీదికి నెడుతూనే ఉంటుంది. తెరచాప దించి లంగరు వెయ్యాలి. ముందు హాల్యార్... అంటే, తెరచాప పై మూలకి కట్టిన తాడు."

తల. తలకి కట్టిన తాడు స్తంభం పైన చక్రం మీదుగా తిరిగి స్తంభం వెంట కిందికి వచ్చి, రెండు కొమ్ములున్న ఒక ఇనప దిమ్మకి చుట్టి ఉంది. దాని దగ్గరికి వెళ్లాలంటే కొట్టుకుంటున్న దూలం కిందనుంచి పాకాలి. బావని అది ఏం చేసిందో ఆమె కళ్లారా చూసింది. బోర్లా పడుకుని, గడ్డం పలకలకి రాసుకుంటూ పాకింది. తాడు చుట్లు విప్పింది. పదహారు రోజుల పని దబ్బున కుప్పకూలింది. సగం నీళ్లలో పడింది. ఆమె అటు చూడనే లేదు.

తెరచాప చప్పుడు ఆగాక రాళ్ల చప్పుడు వినబడింది. అల వచ్చి కొట్టుకోవడం, వెనక్కి లాగుతూ గులకరాళ్లు నమలడం.

లంగరు పడవ ముందు భాగంలో చిన్న అరలో ఉంది. తాడుతో చుట్టి పెట్టి ఉంది.

"వెయ్యనా?"

"ఆగండి! తాడు రెండో కొస పడవకి కట్టి ఉందో లేదో చూడండి."

ఆమె చుట్టలన్నీ తిరగేసింది. రెండో కొస ఆమె చేతిలోకి వచ్చేసింది. దేనికీ కట్టలేదు. రంగులేసేటప్పుడు బావ విప్పి, మళ్లీ కట్టడం మరిచిపోయినట్టున్నాడు. అడక్కుండా వేసేసి ఉంటే లంగరూ తాడూ అన్నీ సముద్రం పాలయ్యేవి. అక్కడా ఒక కొమ్ముల దిమ్మ ఉంది. ఎలా కట్టాలో ఆపరేటర్ చెప్పబోతే, "ఏదో ఒకటి కడతాను, ఉండండి" అంది. బొత్తం కింద దారం చుట్టినట్టు చుట్టి, కొమ్ముల మధ్య అటూ ఇటూ అల్లి, మూడు ముళ్లు వేసి, పళ్లతో పట్టి బిగించింది. లంగరు ఎత్తి నీళ్లలోకి జార్చింది. తాడు నాలుగైదు బారలు పోయాక నేల తగిలి సడలింది. ఆమె దాన్ని పట్టుకుని దిమ్మకి ఒక చుట్టు వేసింది.

పడవ ఒక్క క్షణం ఆగింది. తాడు కంపించింది. తర్వాత జర్రున ఒక లాగు. మళ్లీ ఆగింది, మళ్లీ జారింది. లంగరు నేల మీద దొర్లుతోంది.

"ఆగట్లేదు సార్! జారిపోతోంది!"

"ఎంత తాడు వదిలారు?"

"నాలుగైదు బారలు."

"చాలదు. ఇంకా వదలండి. పన్నెండు బారలు పోవాలి."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. రాళ్లు వీధి వెడల్పుకి రెండింతల దూరంలో ఉన్నాయి. వాటి మీద అంటుకున్న పాచి కూడా కనిపిస్తోంది. తాడు ఎంత వదిలితే పడవ అంత వాటి దగ్గరికి పోతుంది. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది.

"వదలను. వదిలితే రాళ్ల మీదే పడతాం."

"వదలాలమ్మా. నా మాట వినండి."

"మీరెప్పుడైనా ఈ పని చేశారా?"

ఈసారి ఆ గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"లేదండి. నేను నాలుగు నెలల కిందటిదాకా ఆఫీసులో పర్మిట్లు రాసేవాణ్ణి. నా ముందు పుస్తకం ఉంది. చూసి చెప్తున్నాను."

తాడు ఆమె చేతుల్లో బిగుసుకుంటోంది, సడలుతోంది. ఇంత సేపూ తను కళ్లు మూసుకుని నమ్ముకున్నది తనలాంటి ఇంకో మనిషినన్నమాట. పక్కన బావ మూలిగాడు. ఒక అల పడవని ఎత్తి రెండు గజాలు రాళ్ల వైపు విసిరింది.

ఆపరేటర్ మళ్లీ మాట్లాడాడు. ఎవరో పక్కనుంచి చెబుతుంటే చెప్పినట్టు తడబడుతూ మొదలుపెట్టాడు. "ఎందుకో చెప్తాను, వినండి. తాడు పొట్టిగా ఉంటే అది లంగరుని పైకి లాగుతుంది. పైకి లాగితే లంగరు నేలలోంచి ఊడిపోతుంది. తాడు పొడుగ్గా ఉంటే నేల వెంట అడ్డంగా లాగుతుంది. అడ్డంగా లాగితే దాని కొక్కెం ఇసకలోకి దిగుతుంది. ఎంత లాగితే అంత దిగుతుంది."

ఆమె విన్నది. గుడ్డకి గుచ్చిన గుండుసూది కళ్లముందు కనబడింది. తల పట్టుకుని నిలువుగా లాగితే వచ్చేస్తుంది. గుడ్డ వెంట పక్కకి లాగితే రాదు, గుడ్డే చిరగాలి. ఎవరూ చూపించకుండానే ఆమె చేతులకి ఆ సంగతి తెలుసు.

దిమ్మకి వేసిన చుట్టు విప్పింది. ఆరు. ఏడు. రాళ్ల వైపు వీపు పెట్టి నిలబడింది. చూస్తే చెయ్యలేనని తెలుసు. ఎనిమిది. తొమ్మిది. దుకాణంలో గుడ్డ కొలిచినట్టే చేతులు బార చాపి కొలిచింది. పది. నురగ తుంపర మెడ మీద పడింది. పదకొండు. పన్నెండు. చుట్టు వేసి, దిమ్మని కౌగిలించుకుని పడుకుంది.

తాడు బిగిసింది. నీళ్లు చిమ్ముతూ తీగలా సాగింది. పడవ జర్రుమని ఒక్క జారు జారి, ఎవరో జుట్టు పట్టుకుని ఆపినట్టు ఆగిపోయింది. ముక్కు మెల్లగా గాలికి ఎదురు తిరిగింది. ఆమె నూరు దాకా లెక్కపెట్టింది. ఆ తర్వాతే తల తిప్పి చూసింది. వెనక రాయి మీద ఒక పీత నడుచుకుంటూ పోతోంది. అంత దగ్గర. కానీ ఆ దూరం పెరగట్లేదు, తరగట్లేదు.

"ఆగింది" అంది రేడియోలో. బటన్ వదిలింది.

అటునుంచి ఎవరో ముక్కు చీదిన చప్పుడు వచ్చింది.

రెస్క్యూ బోటు వచ్చేసరికి ఇంకో ఇరవై రెండు నిమిషాలు పట్టింది. అంత సేపూ చిట్టి బావ తల ఒళ్లో పెట్టుకుని, గాయం మీద తన చొక్కా చెయ్యి చింపి అదిమిపట్టి, ఆయన నిద్రపోకుండా వాగుతూనే ఉంది. డిపోలో బస్సుల నంబర్లన్నీ అడిగింది. ఆయన తప్పులు చెప్పాడు. తప్పులైనా చెబుతున్నాడు కదా అనుకుంది. బోటు సరంగు, నెరిసిన మీసాల మనిషి, తాడు విసిరి పడవలోకి దూకి ముందు బావ నాడి చూశాడు. తర్వాత లంగరు తాడు విప్పబోయి, పది నిమిషాలు కుస్తీపట్టి ఓడిపోయాడు.

"ఎవరు కట్టారమ్మా ఈ ముడి?"

"నేనే."

"ఇదేం ముడి?"

"ఊడకూడని ముడి" అంది. ఆయన నవ్వి కత్తితో కోసేశాడు.

బావ పుర్రెకి చిన్న చీలిక వచ్చిందని డాక్టరు చెప్పింది. ప్రాణానికి భయం లేదట. ఎడమ చెవి వినికిడి మాత్రం పూర్తిగా తిరిగి రాకపోవచ్చట. పన్నెండు కుట్లు పడ్డాయి. చిట్టి రెండు చేతులకీ మణికట్ల దాకా కట్లు కట్టారు. నెల రోజులు సూది ముట్టుకోకూడదన్నారు.

ఆసుపత్రి వరండాలో ఇనప బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. చిట్టి వెళ్లి పక్కన కూలబడింది. అక్క తిడుతుందనుకుంది. తిట్టాలని కూడా అనుకుంది. షీటు సంగతి తనే చెప్పేసింది. "వదలమంటే కప్పానక్కా. దాని మీదే కప్పాను. నాకు తెలిసుంటే అంత దూరం వచ్చేది కాదు."

"తెలుసు. షీటంటే తాడని నీకు చెప్పడం విన్నాను" అంది అక్క.

"ఎక్కడ విన్నావు?"

"మీ బావ బయల్దేరేటప్పుడు హార్బర్‌లో రాసిచ్చిన కాగితంలో మన ఇంటి నంబరుంది కదా. నువ్వు బటన్ వదలకుండా అరుస్తున్నప్పుడే వాళ్లు ఫోన్ చేశారు. పక్క వీధే కదా, పరుగెత్తుకుంటూ వెళ్లాను. నువ్వు పోర్ట్ పోర్ట్ అని అరుస్తున్నప్పట్నుంచీ ఆ గదిలోనే ఉన్నాను, ఆపరేటర్ కుర్చీ వెనకాల."

చిట్టి అక్క మొహంలోకి చూసింది. "మరి ఒక్క మాటన్నా మాట్లాడలేదేం?"

"మాట్లాడమని మైకు నా చేతిలో పెట్టాడు పాపం. నేనే వద్దన్నాను. నా గొంతు వింటే నువ్వు ఏడుస్తావు. ఏడిస్తే చేతులాడవు నీకు." అక్క తన అరచేతుల్ని చూసుకుంది. "ఆయనకి చేతులు వణికిపోతున్నాయి. పేజీలు తిప్పింది నేనే. లంగరు పేజీ వెతికింది నేనే. నువ్వు వదలను అని మొండికేసినప్పుడు ఆయన వదలండి, వదలండి అని బతిమాలుతుంటే చెప్పాను. అది ఊరికే చెప్తే వినదండీ, పుట్టిన దగ్గర్నుంచీ అంతే, ఎందుకో చెప్పండి, అప్పుడు చేస్తుంది, అని."

చిట్టికి పడవలో ఆ నలభై నిమిషాలూ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది, ఆపుకుందామన్నా ఆగనంతగా. కట్లు కట్టిన చేతులతో మొహం కప్పుకోవడానికి కూడా వీల్లేదు. వరండాలో పోయేవాళ్లు తిరిగి తిరిగి చూస్తున్నారు. అక్క వాళ్లని పట్టించుకోలేదు. చెల్లెలి తల భుజానికి ఆనించుకుని, తన చేత్తోనే ఆమె కళ్లూ ముక్కూ తుడిచింది.

కాసేపటికి నర్సు తలుపు తీసి, లోపలికి ఇద్దరూ రావచ్చంది. అక్క లేచి, చెల్లెలి మోచెయ్యి పట్టుకుని లేపింది.

"పద. ముందు ఆయన చెవి వినిపించే వైపు నిలబడి నాలుగు తిట్టాలి" అంది.